నాలుగు మైకులు, ఒక డెబియన్ లాప్‌టాప్: ఇంటి కచేరీ రికార్డింగుకు ఆడియో ఇంటర్‌ఫేస్ ఎంపిక

విజయవాడలో ఇంట్లోనే నడిచే ఒక కర్ణాటక సంగీత పాఠశాల. గాత్రం, వయొలిన్, మృదంగం ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటారు. గంటా గంటన్నర కచేరీని వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేసుకుని, తర్వాత తీరిగ్గా మిక్స్ చేసుకోవాలి. ఉన్న కంప్యూటర్ థింక్‌ప్యాడ్ టీ480. అందులో డెబియన్ 12 అనే లినక్స్, దాని గుండెకాయలాంటి కెర్నెల్ 6.1, రికార్డింగుకు ఆర్డోర్ అనే ప్రోగ్రామ్. విండోస్ పెట్టే ఉద్దేశం లేదు. కొనాల్సింది ఒక్క ఇంటర్‌ఫేసే, అంటే మైకుల ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపే పెట్టె. అయితే దాన్ని వారం వారం వాడేది సౌండ్ ఇంజినీరు కాదు, పాఠం చెప్పే మేడమ్ గారూ ఆవిడ శిష్యులూ. ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువ బరువు ఈ సంగతికే ఇవ్వాల్సి వచ్చింది.

లినక్స్ అనగానే మొదట వచ్చే ప్రశ్న "డ్రైవర్ ఉందా?" యూఎస్‌బీ ఇంటర్‌ఫేసుల విషయంలో ఆ ప్రశ్నకు పెద్దగా పని లేదిప్పుడు. శబ్దం చాలావరకు వస్తుంది. అడగాల్సింది వేరే ఉంది: గెయిన్ (సిగ్నల్‌ను పెంచేది), ప్యాడ్ (మరీ గట్టి సిగ్నల్‌ను తగ్గించేది), డైరెక్ట్ మానిటరింగ్ (మైకు ధ్వనిని కంప్యూటర్‌తో పని లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపేది) మీటలు పెట్టె మీద ఉన్నాయా, లేక కంపెనీ ఇచ్చే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయా?

పేరులో ఉన్న అంకెను నమ్మొద్దు

గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు. కరణి ఉన్న కుడివైపు ఒకటి, తొప్పి వైపు ఒకటి. మృదంగాన్ని ఒకే మైకుతో పట్టొచ్చు కానీ, తొప్పి గుమ్కీ ఎంత వినిపించాలన్నది మిక్స్‌లో తేల్చుకోవాలంటే రెండు కావాల్సిందే. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెకు విడిగా ఛానల్ అక్కర్లేదు. గాయని పక్కన పెడితే గాత్రం మైకులోకి రావాల్సినంత వస్తుంది.

అంటే కావాల్సినవి నాలుగు మైక్ ప్రీయాంపులు, మైకు ఇచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే భాగాలు. నాలుగు ఇన్‌పుట్లు అనలేదు. మోటూ ఎం4లో నాలుగు ఇన్‌పుట్లున్నా మైక్ ప్రీయాంపులు రెండే, మిగతా రెండూ కీబోర్డు లాంటివాటికి సరిపడే లైన్ ఇన్‌పుట్లు. స్కార్లెట్ 4ఐ4 మూడో తరం పెట్టె కూడా అంతే. పేరులో 4 చూసి కొన్నవాళ్లు మూడో మైకు గుచ్చే చోటు కోసం వెనక్కి తిప్పి చూసుకోవడం మామూలే. అదే వరసలోని 18ఐ8లో 18 అన్న అంకెలోనూ ఆడాట్, ఎస్‌పీడిఫ్ అనే, వేరే పెట్టెల నుంచి ధ్వని తెచ్చుకునే డిజిటల్ ఛానళ్లు కలిసి ఉన్నాయి. మైక్ ప్రీయాంపులు అందులో నాలుగు.

రెండు మైకుల పెట్టె ఒకటి ముందే ఉంటే, అలాంటిదే ఇంకొకటి కొంటే చాలదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. చాలదు. ధ్వనిని శాంపిళ్లుగా కొలిచే క్రిస్టల్ గడియారం ఏ పెట్టెది దానిదే. రెండింటి మధ్య మిలియన్‌లో 50 వంతులు తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. కృతి మొదట్లో కలిసి ఉన్న మృదంగం, మంగళం నాటికి వెనకబడి వినిపిస్తుంది. లినక్స్‌లో ప్రోగ్రాముల ధ్వనిని నడిపే పైప్‌వైర్ గానీ, జీటా రీశాంప్లర్ వాడే ప్రోగ్రాములు గానీ రెండో పెట్టెను మొదటిదాని గడియారానికి సర్దగలవు. అత్యవసరానికి పనికొస్తుంది. కొత్తగా డబ్బు పెట్టి కొనేటప్పుడు ఆ దారి పట్టడం దండగ.

డ్రైవర్ గురించి తెలియాల్సినంత

యూఎస్‌బీ ఆడియోకు రెండు ప్రమాణాలు వాడకంలో ఉన్నాయి. 1998 నాటి క్లాస్ 1 సాధారణంగా సెకనుకు 12 మెగాబిట్ల వేగం మీద నడుస్తుంది. రెండు ఛానళ్లు రానూపోనూ సరిపోతుంది గానీ నాలుగంటే ఇరుకు. 2006లో వచ్చిన క్లాస్ 2 సెకనుకు 480 మెగాబిట్ల మీద నడుస్తుంది. లినక్స్ కెర్నెల్లోని యూఎస్‌బీ ఆడియో మాడ్యూల్‌కు క్లాస్ 2 2010 నుంచే తెలుసు. విండోస్‌కు సొంత క్లాస్ 2 డ్రైవర్ 2017లో గానీ రాలేదు. అట్ట మీద "విండోస్‌కు డ్రైవర్ దించుకోండి, మ్యాక్‌కు అక్కర్లేదు" అని ఉంటే లినక్స్ వాళ్లకది మంచి శకునమే. "ఐప్యాడ్‌తో పనిచేస్తుంది" అన్న ముక్క ఇంకా మంచిది. ఐప్యాడ్‌లో సాధారణంగా కంపెనీ డ్రైవర్ వేసుకోరు కాబట్టి పెట్టె ప్రమాణాన్ని పాటించే అవకాశం ఎక్కువ.

దుకాణంలో ఒకసారి లాప్‌టాప్‌కు తగిలించి చూసే వీలుంటే, యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌ను వివరంగా చూపే -వీ ఆప్షన్‌తో నడపాలి. ఇంటర్‌ఫేస్ క్లాస్ 1 అంటే ఆడియో. దాని కింద ప్రోటోకాల్ 32 అని ఉంటే పైన చెప్పిన క్లాస్ 2 ప్రమాణం, 0 అని ఉంటే క్లాస్ 1 ప్రమాణం. ఆడియో ఛానళ్లు ఉండాల్సిన చోట క్లాస్ 255 మాత్రమే కనిపిస్తే అది కంపెనీ సొంత భాష. దానికి కెర్నెల్లో ప్రత్యేకంగా ఎవరైనా డ్రైవర్ రాసి ఉంటే తప్ప ఆ పెట్టెను అక్కడే వదిలేయాలి. ఆడియో క్లాస్‌తో పాటు 255 కూడా ఉంటే భయం లేదు, అది సాధారణంగా కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోసం.

యూనివర్సల్ ఆడియో అపోలో వరసకు కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇవ్వలేదు కాబట్టి ఎంత బాగున్నా జాబితాలోంచి తీసేశాం. అదే కంపెనీ వోల్ట్ వరస మాత్రం క్లాస్ ప్రమాణం పాటిస్తుంది.

మీటలు ఎక్కడున్నాయి

ఇక మిగిలినవి మూడు: ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ8 మూడో తరం, ఆడియెంట్ ఈవో 8, బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీ. మూడింట్లోనూ మైక్ ప్రీయాంపులు నాలుగు. మూడూ లినక్స్‌లో ధ్వని ఇస్తాయి.

స్కార్లెట్ 18ఐ8 మూడింట్లో పెద్దది. ఆడాట్ ఇన్‌పుట్ ఉంది కాబట్టి రేపు ఎనిమిది మైకుల ప్రీయాంప్ ఒకటి చేర్చుకోవచ్చు. లోపలి మిక్సర్, రూటింగ్ (ఏ ధ్వని ఎటు వెళ్లాలన్న ఏర్పాటు) విస్తారంగా ఉంటాయి. చిక్కంతా ఆ విస్తారంలోనే ఉంది. ప్యాడ్, ఎయిర్ (ధ్వనికి మెరుపు తెచ్చే మీట), రూటింగ్, ఎవరి హెడ్‌ఫోన్‌లో ఏది ఎంత వినిపించాలన్నది, అన్నీ సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి. ఫోకస్‌రైట్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు లేదు. దాని స్థానంలో జెఫ్రీ బెన్నెట్ రాసిన కెర్నెల్ మిక్సర్ డ్రైవర్, ఆల్సా స్కార్లెట్ జీయూఐ అనే ప్రోగ్రామ్ ఉన్నాయి (ఆల్సా అంటే లినక్స్ కెర్నెల్లోని ఆడియో వ్యవస్థ). రెండూ మేలైనవి. రెండో తరం పెట్టెలకు 5.4 కెర్నెల్లో, మూడో తరానికి 5.14లో మద్దతు వచ్చింది. కానీ 6.7 వరకు ఆ డ్రైవర్ దానంతటది మేలుకోదు. డెబియన్ 12లోని 6.1లో, కెర్నెల్ మాడ్యూళ్లకు సూచనలిచ్చే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి సృష్టించి, యూఎస్‌బీ ఆడియో మాడ్యూల్‌కు వెండర్ సంఖ్య 1235, ప్రోడక్ట్ సంఖ్య 8214, డివైస్ సెటప్ విలువ 1 అని రాయాలి. వెండర్, ప్రోడక్ట్ సంఖ్యలు రెండూ హెక్స్‌లో (పదహారు మూలంగా రాసే పద్ధతిలో) ఉంటాయి, ముందు 0ఎక్స్ చేర్చకపోతే మాడ్యూల్ వాటిని మామూలు అంకెలుగా చదివి పక్కన పెట్టేస్తుంది. లేదా పాత డెబియన్‌కు కొత్త ప్రోగ్రాములు అందించే బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నెల్ తెచ్చుకోవాలి. ఇంకో మాట: మూడో తరం స్కార్లెట్ ఫ్యాక్టరీ నుంచి పెన్‌డ్రైవ్‌లా కనిపించే మోడ్‌లో వస్తుంది, అందులో సగం పనులు మూతపడి ఉంటాయి. 48వీ బటన్ (కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఇచ్చేది) నొక్కి పట్టుకుని పవర్ వేస్తే ఆ మోడ్ పోతుంది. కొత్త పెట్టె "లినక్స్‌లో సరిగా పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి మందు ఇదే.

ఈవో 8 ధ్వని శుభ్రంగా ఉంటుంది. 58 డెసిబెల్ గెయిన్ ఉంది. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, కరెంటు కోతల ఊళ్లో ఇది చిన్న గుణం కాదు. అయితే నాలుగు ఛానళ్లకూ తిప్పే గుండీ ఒక్కటే. ముందు ఛానల్ బటన్ నొక్కి, తర్వాత గుండీ తిప్పాలి. తని ఆవర్తనం ఊపందుకున్నప్పుడు మృదంగం రెండు ఛానళ్లనూ ఒకేసారి తగ్గించాలంటే చెయ్యి తడబడుతుంది. పూర్తి మిక్సర్ విండోస్, మ్యాక్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది.

యూఎంసీ404హెచ్‌డీ చూడ్డానికి మోటుగా ఉంటుంది. ఛానల్‌కొక గెయిన్ గుండీ, ఛానల్‌కొక ప్యాడ్ బటన్, లైన్/ఇన్‌స్ట్రుమెంట్ బటన్, సిగ్నల్ దీపం, ధ్వని పగిలేంత ఎక్కువైతే వెలిగే క్లిప్ దీపం. మైకుల నుంచి నేరుగా వచ్చే ధ్వనికీ కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే ధ్వనికీ మధ్య పాళ్లు సర్దే మిక్స్ గుండీ ముందువైపే ఉంటుంది. కంప్యూటర్‌లో తెరవాల్సిన ప్యానెల్ లేదు, కాబట్టి లినక్స్‌లో కోల్పోయేదీ లేదు. ఆడాట్ లేదు. దీపాలు తప్ప లెవల్ మీటర్ లేదు. 48 వోల్టుల మీట ఛానల్‌కొకటి ఉండదు. వాడేవాళ్లు ఎవరో గుర్తుపెట్టుకుంటే ఈ కేసుకు ఇదే సరైనది. అదే గది ఇంజినీరు చేతిలో ఉండి, ఏడాదిలో వీణ, ఘటం, మోర్సింగ్ చేరతాయనుకుంటే 18ఐ8 కొనమనేవాళ్లం.

గెయిన్, నాయిస్: అంకెలు ఏం చెబుతాయి

ప్రీయాంప్ నాయిస్ అంకెల మీద జరిగే వాదనలకు అంతు లేదు. ఇంట్లో రికార్డింగుకు ఆ అంకె ఎంత అవసరమో ఒకసారి లెక్క కట్టి చూడాలి. కండెన్సర్ మైకు సున్నితత్వం పాస్కల్‌కు 20 మిల్లీవోల్టులు అనుకుందాం. 94 డెసిబెల్ శబ్దానికి అది ఇచ్చేది సుమారు −32 డీబీయూ (డీబీయూ అంటే విద్యుత్ సిగ్నల్ బలానికి కొలత). గదిలో ఫ్యాను ఆపేశాక కూడా వీధి, ఫ్రిజ్, పక్కింటి మోటారు కలిసి 35 డెసిబెల్ ఉంటుంది. అంటే 94 కన్నా 59 తక్కువ. మైకు నుంచి వచ్చే ఆ గది రొద −91 డీబీయూ. మంచి ప్రీయాంప్ సొంత నాయిస్ −128 డీబీయూ చుట్టుపక్కల. గది రొద దానికి 37 డెసిబెల్ పైన కూర్చుంది. −128 బదులు −124 ఉన్న ప్రీయాంప్ తెచ్చినా ఈ గదిలో ఎవరికీ తేడా తెలియదు. ఆ డబ్బు తలుపు సందులు మూయడానికీ, మందపాటి తెరలకూ పెడితే వెంటనే వినిపిస్తుంది.

డైనమిక్ మైకుల సంగతి వేరు. ఎస్ఎం58 పాస్కల్‌కు 1.85 మిల్లీవోల్టులే ఇస్తుంది, అంటే 94 డెసిబెల్ దగ్గర −52 డీబీయూ. గెయిన్ కనిష్ఠంలో +9 డీబీయూ వరకు తట్టుకుని, 56 డెసిబెల్ పెంచగల ప్రీయాంప్‌ను తీసుకుంటే, గుండీ చివరి దాకా తిప్పినప్పుడు −47 డీబీయూ దగ్గర క్లిప్ అవుతుంది. 84 డెసిబెల్‌తో పాడే గొంతు −15 డీబీ దగ్గర, అంటే క్లిప్ హద్దుకు 15 కింద పడుతుంది, బాగానే ఉంది. అదే మైకుతో మెల్లగా మాట్లాడితే, 74 డెసిబెల్ అనుకుంటే, −25కు జారుతుంది. ఎస్ఎం7బీ ఇంకో నాలుగైదు డెసిబెల్ తక్కువిస్తుంది. పాఠశాల పాఠాలను మాటలుగా కూడా రికార్డు చేయాలంటే గాత్రానికి కండెన్సర్ పెట్టడమే తేలిక. ఇక్కడ అదే చేశాం. మృదంగానికి మాత్రం ఎస్ఎం57 జత. దెబ్బ గట్టిగా పడుతుంది కాబట్టి 30 డెసిబెల్ గెయిన్ చాలు.

కండెన్సర్లకు వేసిన 48 వోల్టులు డైనమిక్ మైకులకూ వెళ్తాయి. మామూలు మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌తో వాటికేం కాదు. పాత రిబ్బన్ మైకు గానీ, అడాప్టర్‌తో ఎక్స్ఎల్ఆర్‌కు మార్చిన కాంటాక్ట్ మైకు గానీ ఉంటే వాటిని ఆ పెట్టెకు తగిలించొద్దు. వయొలిన్‌కు అతికించే పికప్‌ను క్వార్టర్ ఇంచ్ జాక్‌లో గుచ్చితే సరి, అటు ఫాంటమ్ వెళ్లదు.

లేటెన్సీ, అంటే ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే ఆలస్యం గురించి ఈ కేసులో చెప్పాల్సింది తక్కువ. ముగ్గురూ ఒకే గదిలో ఒకరినొకరు నేరుగా వింటున్నారు. హెడ్‌ఫోన్ కావాలన్నవారికి పెట్టెలోని డైరెక్ట్ మానిటరింగ్ ఉంది. కాబట్టి 64 ఫ్రేముల చిన్న బఫర్ (ధ్వనిని కాసేపు నిలిపి ఉంచే చోటు) కోసం రియల్‌టైమ్ కెర్నెల్ వేయడం ఇక్కడ అనవసర శ్రమ. బఫర్ పెద్దదిగా పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు. తర్వాత ఒక్కో వాద్యం విడిగా చేర్చే పని పడితే, అవుట్‌పుట్ 1 నుంచి లైన్ ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ కలిపి ఆర్డోర్ సెటప్ విండోలోని కాలిబ్రేట్ నొక్కితే రానూపోనూ ఎన్ని శాంపిళ్లు ఆలస్యమో అదే కొలిచి సర్దుకుంటుంది.

కొన్న రోజున చేయాల్సిన తనిఖీ

వాపసు గడువు ముగియకముందే ఇదంతా అయిపోవాలి. పెట్టెను హబ్ లేకుండా నేరుగా లాప్‌టాప్‌కు తగిలించి, ప్రాక్ ఫోల్డర్‌లోని ఆసౌండ్ కింద ఆ కార్డుకు సంబంధించిన స్ట్రీమ్0 ఫైలు తెరవాలి. క్యాప్చర్ కింద ఫార్మాట్ ఎస్32_ఎల్ఈ, ఛానళ్లు 4, ఎండ్‌పాయింట్ ఎసింక్, రేట్లలో 48000 కనిపించాలి. 32 బిట్లు చూసి ఆశ్చర్యపడక్కర్లేదు, 24 బిట్ల ధ్వని ఆ డబ్బాలో కూర్చుని వస్తుంది. ఎసింక్ అంటే గడియారం పెట్టెదే, లాప్‌టాప్ దానికి సర్దుకుంటుంది. మనకు కావాల్సింది అదే.

తర్వాత ఏరికార్డ్ కమాండ్‌తో హార్డ్‌వేర్‌ను నేరుగా పట్టుకుని, ఎస్32_ఎల్ఈ, 48000, 4 ఛానళ్లుగా గంటసేపు రికార్డు చేయాలి. పది నిమిషాలు చాలదు, వేడెక్కాక బయటపడే లోపాలున్నాయి. కార్డు సంఖ్య బూట్ బూట్‌కూ మారొచ్చు కాబట్టి పేరుతో పిలవాలి. యూఎంసీ404హెచ్‌డీకి ఆల్సా ఇచ్చే పేరు యూ192కే. రికార్డు నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో కెర్నెల్ సందేశాలు చూపే డీమెస్సేజ్ చూస్తూ ఉండాలి. తప్పు సంఖ్య −71 వస్తే ముందు కేబుల్ మార్చాలి, తర్వాత పోర్టు. −110 అంటే పెట్టె జవాబివ్వడానికి ఆలస్యం చేసింది, ఎక్కువగా కరెంటు చాలకో హబ్ వల్లో. −28 అంటే ఆ యూఎస్‌బీ బస్సు మీద చోటు లేదు, వెబ్‌క్యామ్ తీసేస్తే పోతుంది.

యూఎంసీ404హెచ్‌డీతో దాదాపు అందరూ తడబడే చోటు దీని తర్వాత వస్తుంది. డెస్క్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే ఒక్క నాలుగు ఛానళ్ల పరికరం బదులు ముక్కలు ముక్కలుగా ఒంటి, జంట ఇన్‌పుట్లు కనిపిస్తాయి. లేదా నాలుగు అవుట్‌పుట్లను చూసి సరౌండ్ 4.0 అని పేరు పెట్టేస్తుంది. పెట్టె చెడిపోలేదు. ఆల్సాలోని యూసీఎం అనే సెట్టింగుల ప్రొఫైల్ ఛానళ్లను మామూలు వాడకానికి అనువుగా విడగొట్టింది, అంతే. పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబుకు వెళ్లి ప్రొ ఆడియో ప్రొఫైల్ ఎంచుకుంటే నాలుగూ ఒకే చోట వస్తాయి.

ఈ పాఠశాలకు మాత్రం ఇంకా సూటి పద్ధతి పెట్టాం. అదే ట్యాబులో ఆ కార్డును ఆఫ్ చేసి, పైప్‌వైర్‌కు దానితో సంబంధం లేకుండా చేశాం. ఆర్డోర్ తెరిచి, ఆడియో సిస్టమ్‌గా ఆల్సా, పరికరంగా యూఎంసీ, రేటు 48000, బఫర్ 512, పీరియడ్లు 3. మొత్తం 32 మిల్లీసెకన్లు. పరికరం ఖాళీగా లేదని ఆర్డోర్ అంటే కార్డు ఆఫ్ కాలేదన్నమాట. బ్రౌజర్‌లో నోటిఫికేషన్ మోగినా, ఏదో వీడియో 44.1 కిలోహెర్ట్జ్‌లో నడిచినా రికార్డింగు మీద దాని నీడ పడదు.

రేటు గురించి పట్టింపు ఊరికే కాదు. 48 కిలోహెర్ట్జ్‌లో పట్టిన ఫైలును 44.1 అనుకుని ఏ ప్రోగ్రామైనా వాయిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడినది నాలుగున్నరకూ ఐదుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. కాలప్రమాణం కూడా మందగిస్తుంది. విన్నవాళ్లు గాయని గొంతు బాగోలేదేమో అనుకుంటారు గానీ రేటు తప్పిందని అనుకోరు.

ఆర్డోర్‌కు ప్రాసెసర్, మెమరీ ఆటంకం లేకుండా అందాలంటే, లాగిన్ అయ్యే యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చి, లిమిట్స్ ఫోల్డర్‌లో ఆ గ్రూపుకు ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని రెండు వరుసలు రాసి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. యూలిమిట్ -ఆర్ అడిగితే 95 చెప్పాలి. 0 చెబితే లాగౌట్ మరిచారన్నమాట. 192 కిలోహెర్ట్జ్ జోలికి వెళ్లొద్దు. ఆర్డోర్ 32 బిట్ల ఫ్లోట్‌లో రాస్తుంది కాబట్టి 48లో నాలుగు ట్రాకులకు గంటకు సుమారు 2.8 గిగాబైట్లు పడుతుంది, 192లో 11. చెవికి అదనంగా దక్కేది ఏమీ లేదు.

కరెంటు

మిగిలిన చిక్కులన్నీ గోడలోంచి వచ్చేవే. హెడ్‌ఫోన్‌లో 50, 100 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం ఉంటే ముందు లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడాలి. పోతే అది గ్రౌండ్ లూప్. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, మానిటర్ స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద, ఎర్తింగు సరిగా ఉన్న సాకెట్‌లో పెట్టాలి. మానిటర్లకు బ్యాలెన్స్‌డ్ టీఆర్ఎస్ కేబుళ్లే వాడాలి. ఎర్త్ పిన్ను విరిచేయడం పరిష్కారం కాదు, ప్రమాదం. సన్నగా 1 కిలోహెర్ట్జ్ లేదా 8 కిలోహెర్ట్జ్ ఈల వినిపిస్తే అది యూఎస్‌బీ ఫ్రేముల లయ అనలాగ్ వైపు కారుతున్న గుర్తు. పోర్టు మార్చడం, పొట్టి కేబుల్ వాడడం, ఫోన్ ఛార్జింగు తీసేయడంతో చాలావరకు అణుగుతుంది.

యూఎంసీ404హెచ్‌డీ గోడ అడాప్టర్ మీద నడుస్తుంది. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీతో సాగుతుంది గానీ ఇంటర్‌ఫేస్ ఆరిపోతుంది. ఆల్సా కార్డు మాయమవుతుంది, ఆర్డోర్ రికార్డింగు ఆగిపోతుంది. అప్పటిదాకా పట్టినది డిస్క్ మీద ఉంటుంది, పోయేది ఆ తర్వాతి భాగమే. ఇన్వర్టర్‌కు మారే క్షణం కూడా దీనికి ఎక్కువే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే మారాక కూడా గుర్రుమనే శబ్దం వదలదు. ఇంటర్‌ఫేస్ అడాప్టర్‌ను ఒక చిన్న కంప్యూటర్ యూపీఎస్ మీద పెట్టించాం. ఫ్యానూ, స్పీకర్లూ దాని మీద పెట్టొద్దని బోర్డు మీదే కాగితం అంటించి రాయాల్సి వచ్చింది.